రెయిలింగ్ ఊచలను సమాన దూరంలో అమర్చడం

తిరుపతిలో మేము మిద్దె కట్టుకున్నప్పుడు బాల్కనీ రెయిలింగులో గోడ పక్కనున్న చివరి సందు మిగతా వాటికంటే వెడల్పుగా వచ్చింది. ఒక్కో ఊచ తరువాత చెక్కముక్క పెట్టి, దాని ఆధారంగా తరువాతి ఊచను నిలబెట్టుకుంటూ పోవడమే అందుకు కారణం. ఒక్కోచోట అర మిల్లీమీటరు తేడా వచ్చినా అదంతా పోగై చివరి సందులో తేలుతుంది.

ముందుగా రెయిలింగు రెండు చివర్లనున్న పోస్టుల, అంటే నిలువు స్తంభాల, లోపలి అంచుల మధ్య దూరాన్ని పైనా కిందా కొలవాలి. మన పనివారికి అంగుళాలు, నూళ్ల (అంగుళంలో ఎనిమిదో వంతు) లెక్క అలవాటే అయినా, ఈ పనికి మిల్లీమీటర్లే మేలు. చిన్నపిల్లల తల దూరకుండా సందు 100 మిల్లీమీటర్లకు మించకూడదు.

ఉదాహరణకు పోస్టుల మధ్య 1480 మిల్లీమీటర్లు ఉండి, ఊచలు 20 మిల్లీమీటర్ల చదరపు పైపులైతే, 1480లోంచి చివరి సందుకు 100 తీసివేసి, మిగిలిన 1380ని ఒక ఊచ, ఒక సందు కలిపిన 120తో భాగించాలి. 11.5 వస్తుంది కనుక 12 ఊచలు కావాలి. ఊచలు ఆక్రమించే 240 పోగా మిగిలే 1240ని 13 సందులకు పంచితే ఒక్కో సందు 95.38 అవుతుంది, ఊచలకంటే సందులు ఎప్పుడూ ఒకటి ఎక్కువని మరువరాదు. దశాంశాలు వదిలేసి దీన్ని 95గా తీసుకుంటే చివరి సందు 100కు చేరుతుంది.

అందువల్ల గుర్తులన్నీ ఒకే పోస్టు నుండి, టేపును కదల్చకుండా పెట్టాలి. మొదటి ఊచ దగ్గరి అంచు 95.4 దగ్గర, తరువాతివి 115.38 (సందు 95.38, ఊచ 20) చొప్పున కలుపుకుంటూ 210.8, 326.2 దగ్గర వస్తాయి. దశాంశాలను సవరించడం టేపు చూసి గీత గీసేటప్పుడే తప్ప లెక్కలో కాదు. పై పట్టీనీ కింది పట్టీనీ పక్కపక్కన బిగించి రెండింటి మీదా ఒకేసారి గీతలు గీస్తే ఊచలు వాటంతట అవే నిటారుగా నిలుస్తాయి.

మెట్ల రెయిలింగుకు ఈ లెక్కను అడ్డంగా, అంటే మెట్లు ముందుకు సాగే దిశలో నేలకు సమాంతరంగా వేసి, తరువాత వాలుకు మార్చుకోవాలి. మెట్టు ఎత్తు 150, అడుగు పెట్టే చోటు వెడల్పు 250 అయితే వాలు మీది దూరం అడ్డం దూరానికి సుమారు 1.17 రెట్లు ఉంటుంది. మెట్టుకు రెండు ఊచలు చాలునని చాలామంది అంటారు గానీ, 20 మిల్లీమీటర్ల పైపుతో అప్పుడు సందు 105 అవుతుంది. మూడు పెట్టక తప్పదు.

వెల్డింగు వేడికి పట్టీ వంగుతుంది కనుక, మొదట ప్రతి ఊచకూ చిన్న టాకాలు మాత్రమే వేయించి, దారానికి వేలాడే తూకుగుండుతో నిటారును, టేపుతో చివరి సందును సరిచూసుకున్నాకే పూర్తి వెల్డింగుకు ఒప్పుకోవాలి. టాకా దశలో తప్పు దొరికితే సుత్తితో ఒక దెబ్బ వేస్తే ఊచ ఊడి వస్తుంది.