కుక్కకు పురుగు ముట్టిందా? లక్షణాన్ని బట్టి కారణం, చేయాల్సిన పని

మా నర్సంపేట వైపు రాత్రిపూట పాము పేరెత్తరు, "పురుగు ముట్టింది" అంటారు. మనిషికి ముడితే వెంటనే వరంగల్ ఎంజీఎం దవాఖానకు ఉరుకుతాం. అదే కుక్కకైతే పసరు పోసి, పసుపు రాసి, తెల్లారాక చూద్దామనుకుంటాం. మా కుక్క రాజును నేను అట్లనే పోగొట్టుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

వాపు లేదు, కానీ తూలుతోంది, రెప్పలు వాలుతున్నాయి

అన్నిటికంటే మోసం చేసే లక్షణం ఇదే. రాజు రాత్రి ఒకసారి వాంతి చేసుకుని మూలకు పడుకున్నాడు. ఒళ్లంతా తడిమి చూశాను, ఎక్కడా గాటు లేదు, వాపు లేదు. ఏదో తిన్నాడనుకున్నాను. తెల్లవారుజామున లేపితే తల నిలపలేకపోయాడు, నీళ్లు తాగబోతే ముక్కులోంచి వచ్చాయి. అది కట్లపాము. దాని కోరలు చిన్నవి, కాటుకు నొప్పి పెద్దగా ఉండదు, బొచ్చులో గాటు కనిపించదు. విషం నరాల కొసల మీద పనిచేసి కండరాలను పడేస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలను కూడా.

చేయాల్సింది: రాత్రి బయట తిరిగిన కుక్క కారణం లేకుండా తూలితే పాము కాటనే అనుకుని బయలుదేరండి. గొంతు పనిచేయని కుక్క నోట్లో పసరు గానీ, పాలు గానీ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దవాఖానలో విషం విరుగుడు మందుతో పాటు ఊపిరికి ఆసరా కావాలి. మిషన్ లేకపోయినా గొంతులో గొట్టం వేసి అంబు బ్యాగ్‌తో (చేత్తో నొక్కే గాలి సంచి) ఊపిరి అందిస్తే కుక్క తేరుకునే అవకాశం ఉంటుంది. ఇది గంటల పని, ఓపిక కావాలి.

మూతి లేదా కాలు వాచి, ముట్టుకుంటే అరుస్తోంది

వాపుతో పాటు సొంగ కారడం, రెప్పలు వాలడం, కాళ్లు పట్టు తప్పడం ఉంటే నాగుపాము. దీనికి విరుగుడుతో పాటు డాక్టర్లు అట్రోపిన్, నియోస్టిగ్మిన్ ఇస్తారు. కట్లపాము కాటుకు ఈ జోడీ అంతగా పనిచేయదు. వాపు గంటగంటకూ పైకి పాకుతూ, గాటు నుంచి నెత్తురు ఆగకపోతే పింజర.

మూతి వాచిన కుక్కకు ముందు మెడపట్టీ తీసేయండి, వాపు మెడకు దిగితే అదే ఉరి అవుతుంది. నొప్పితో మనల్నే కరవొచ్చు. అట్లని వాచిన మూతికి గుడ్డ కట్టొద్దు, దుప్పట్లో చుట్టి ఎత్తుకోండి. నడిపించొద్దు. కాలికి తాడు బిగించొద్దు, గాటు కోయొద్దు. ఇంట్లో ఉన్న నొప్పి గోళీలు అసలే వద్దు: పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకు విషంతో సమానం.

చిగుళ్ల నుంచి నెత్తురు, మూత్రం ఎర్రగా

రక్తపింజర, చిన్న పింజర కాట్లలో నెత్తురు గడ్డకట్టే గుణం పోతుంది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల నెత్తురు తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచితే, గడ్డకట్టకుండా పారితే సంగతి తేలినట్టే. విరుగుడు ఎక్కించాక మళ్లీ ఇదే పరీక్ష చేసి, ఇంకా కావాలా అని చూస్తారు. రక్తపింజర విషం కిడ్నీలను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి సెలైన్, రెండు మూడు రోజులు మూత్రం మీద కన్ను తప్పవు. నాలుగు రోజులుగా జ్వరం, ఒంటి నిండా గోమార్లు ఉంటే మాత్రం అది గోమారి జ్వరం కావచ్చు, ఆ మాట డాక్టర్‌కు చెప్పండి.

సొంగ, ఒళ్లంతా అదురు, కంటిపాప సూదిమొనంత

పత్తి చేనుల దగ్గర ఇది పాము కంటే పురుగుల మందే అయ్యే వీలెక్కువ. డబ్బా వెంట తీసుకెళ్లండి.

విరుగుడు మందు గురించి

మనుషులకు వాడే పాలీవాలెంట్ విరుగుడే (ఏఎస్‌వీ అంటారు) కుక్కకూ వాడతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ అదొక్కటే, కాబట్టి పామును వెతుకుతూ కూర్చోవద్దు. కుక్క చిన్నది కదా, మందు తక్కువ సరిపోతుందనుకోవడం తప్పు. పాము దించిన విషాన్ని బట్టే మోతాదు. గుర్రం నెత్తురు నుంచి తీసిన మందు కనుక ఒంటికి పడకపోవచ్చు. అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుని డాక్టరే రక్తనాళంలోకి ఎక్కించాలి.

అన్ని పశువుల దవాఖానల్లోనూ ఇది దొరకదు. బండి ఎక్కుతూనే ఫోన్ చేసి ఇట్లా అడగండి: "సార్, కుక్కకు పాము కరిచింది, అరగంటలో వస్తున్నాం. ఏఎస్‌వీ ఉన్నదా? ఎన్ని సీసాలున్నయ్? లేకపోతే ఏ షాపుల తేవాలె?" మండల డాక్టర్ నంబరు, మామునూరు వెటర్నరీ కాలేజీ నంబరు, పశువుల అంబులెన్స్ 1962 ఇప్పుడు మా మోటారు కొట్టం తలుపు మీద సున్నంతో రాసి ఉన్నాయి.