భార్యాభర్తల అధికారం: బైబిలులో ఆచారాన్నీ ఆజ్ఞనూ వేరుచేసి చదివే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు సంఘాలలో పెళ్లినాడు ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం విని, భార్య లోబడాలన్న మాట ఒక్కటే ఇంటికి తీసుకువెళ్లేవారు చాలామంది ఉన్నారు. ఆ మాటను సరిగా తూచాలంటే వాక్యాన్ని ఇలా పరిశీలించండి.

ముందుగా, మాట ఎవరిదో చూడాలి. ప్రతి పురుషుడూ తన ఇంట అధికారిగా ఉండాలన్న శాసనం ఎస్తేరు గ్రంథం 1:22లో ఉంది. కాని దానిని పంపినవాడు, విందులో ద్రాక్షారసం తలకెక్కి పిలిస్తే రాణి వష్తి రాలేదని ఆగ్రహించిన అహష్వేరోషు రాజు. గ్రంథంలో నమోదైనంత మాత్రాన అది దేవుని ఆజ్ఞ కాదు. యాకోబు రాహేలు కోసం చేసిన కొలువు కూడా ఆమె తండ్రి లాబానుతో కుదిరిన ఒప్పందమే. అక్కడ పెళ్లికొడుకు కష్టపడ్డాడు, మన దగ్గర పిల్ల తండ్రి కట్నానికి పొలం అమ్ముతున్నాడు. రెండూ మనుషుల ఆచారాలే.

ముసుగు సంగతి అంత తేలిక కాదు. ప్రార్థనలో మన ఆడవారు చెంగు తలపైకి తీసుకోవడానికి ఆధారమైన 1 కొరింథీయులకు 11వ అధ్యాయంలో పౌలు మర్యాదతో పాటు సృష్టిక్రమాన్నీ ప్రస్తావిస్తాడు కనుక, తొందరపడి కొట్టివేయకుండా, స్త్రీ లేకుండా పురుషుడు లేడన్న 11వ వచనం దాకా చదవాలి.

పిమ్మట, ఆరంభంతో పోల్చాలి. పరిత్యాగపత్రిక, అంటే విడాకుల పత్రం, మనుషుల హృదయకాఠిన్యాన్ని బట్టి వచ్చిందనీ, ఆదినుండి అలా లేదనీ యేసు మత్తయి 19:8లో చెప్పాడు. ఆ కొలమానం ప్రకారం, భర్త ఏలుతాడన్న ఆదికాండము 3:16 పాపం తెచ్చిన ఫలితమే గాని దేవుడు కోరిన ఏర్పాటు కాదని నేను నమ్ముతున్నాను. సారా మాట వినమని అబ్రాహాముకు చెప్పినవాడు కూడా ఆ దేవుడే.

ఇక ఎఫెసీయులకు 5ను 21వ వచనం నుంచే మొదలుపెట్టండి. ఒకరికొకరు లోబడమన్న మాట అక్కడ ఉంది. భార్యకు చెప్పినది మూడు వచనాలైతే, భర్తకు 25 నుంచి 33 వరకు సాగుతుంది. అతనికి చూపిన మాదిరి ప్రాణం పెట్టిన క్రీస్తే. 1 కొరింథీయులకు 7:4 భర్త దేహంపై భార్యకూ అధికారం ఉందని సూటిగా చెబుతుంది.

పెద్దలు ప్రధానం పెట్టుకోకముందే ఆదికాండము 24:57 చదివి, ఇస్సాకుతో పెళ్లికి రిబ్కాను అడిగినట్లే పిల్లను పిలిచి ఆమె నోటనే సమ్మతి వినాలి.