పోస్టర్ అతికిస్తే వెబ్‌సైట్ అవదు: చిన్న షాపుకి తెలుగు సైట్ ఎలా కట్టాలి?

ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒకాయన ఓసారి ఫోన్ చేశారు. "ఆయ్, సైట్ పెట్టి ఏడాదైందండి. గూగుల్లో మా షాపు పేరు కొడితే పక్క షాపులన్నీ వస్తున్నాయి గానీ మాది రావట్లేదండి" అన్నారు. తెరిచి చూస్తే సైటంతా కలిపి ఒకటే ఫోటో. ప్రెస్‌లో కొట్టించిన పాంప్లెట్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించేశారు. షాపు పేరు, రేట్లు, ఫోన్ నంబరు అన్నీ ఆ బొమ్మలోనే ఉన్నాయి. నంబరు నొక్కితే కాల్ వెళ్లదు. అడ్రసు కాపీ అవదు. నెయ్యి రేటు పెరిగిన ప్రతిసారీ ప్రెస్‌కి పరుగెత్తాలి.

కడియం నర్సరీల సైట్లు, నరసాపురం లేసు సైట్లు, అంబాజీపేట కొబ్బరి వ్యాపారుల సైట్లు చాలా బాగుచేశాను. పదిలో ఏడింటికి ఇదే జబ్బు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి విసుగొచ్చింది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

మొదటి పని: డొమైన్, హోస్టింగ్

డొమైన్ అంటే సైట్ అడ్రసు, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉంచే అద్దె చోటు. దీనికి పది నిమిషాలు చాలు. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ, చెప్తే విని రాసుకోగలిగేంత చిన్న పేరు తీసుకోండి. మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా తీసుకోండి. సైట్ కట్టిన కుర్రాడి పేరు మీద ఉంటే, అతను ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాక రెన్యువల్ మెసేజ్ అతనికే పోతుంది. ఒకరోజు పొద్దున్న చూస్తే మీ సైట్ ఉండదు.

హోస్టింగ్ ఏదైనా ఫర్వాలేదు. అడ్రసు మాత్రం హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలి. దానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది. దానికి విడిగా డబ్బులు అడిగేవాళ్ల దగ్గర హోస్టింగ్ తీసుకోకండి.

మూడు నాలుగు పేజీల సైటుకి వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) వద్దు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అది. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు మూడో నాలుగో రాసుకుంటే అప్‌డేట్ల గొడవ ఉండదు, పాతబడ్డ ప్లగిన్‌లోంచి ఎవడో దూరి మీ లేసు సైట్లో జూదం ప్రకటనలు పెట్టే ప్రమాదమూ ఉండదు. రోజూ సరుకు మారే వాళ్లకైతే వర్డ్‌ప్రెస్ పనికొస్తుందని కొందరు వాదిస్తారు. నిజంగా రోజూ మార్చేవాళ్లని నేనైతే ఇద్దర్ని చూశాను.

రెండో పని: పేజీలు, ఫోటోలు

మొదటి పేజీలో షాపు పేరు, ఊరు, ఏం అమ్ముతారు, ఫోన్ నంబరు ఉండాలి. ఇంకో పేజీలో రేట్లు, ఇంకోదాంట్లో దారి. అంతే. పక్కకి జరిగే స్లయిడర్లు, పరుగెత్తే అక్షరాలు, తెరవగానే మోగే సుప్రభాతం వద్దు. బ్యాంకులో క్యూలో నిలబడి సైట్ తెరిచినవాడి పరిస్థితి ఆలోచించండి.

ఫోన్ నంబరు నొక్కితే కాల్ వెళ్లేలా టెల్ లింకు ఇవ్వండి. వాట్సాప్ లింకులో ముందు 91, దాని వెంటనే మీ పది అంకెల నంబరు, అంతే ఉండాలి. ప్లస్ గుర్తు, మధ్యలో ఖాళీలు, ముందు సున్నా ఏవీ ఉండకూడదు.

ఫోన్‌తో తీసిన ఫోటో సాధారణంగా 4000 పిక్సెళ్ల వెడల్పు, నాలుగైదు ఎంబీల బరువు ఉంటుంది. 1200 పిక్సెళ్లకి తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో దాచి, 150 కేబీ లోపుకి తెచ్చాకే ఎక్కించండి. ప్రతి ఫోటోకీ ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫోటోలో ఏముందో చెప్పే మాట, రాయండి. "ఫోటో1" అని రాస్తే రాయనట్టే, "బెల్లం పూతరేకులు, పది ఉన్న పెట్టె" అని రాయాలి.

అడ్రసులో జిల్లా పేరు ఒకసారి చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఆత్రేయపురం కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఇంకా తూర్పు గోదావరి అనే రాసుకున్న సైట్లు బోలెడు.

మూడో పని: ప్రెస్ తెలుగుని అసలు తెలుగుగా మార్చడం

అందరూ బోల్తాపడేది ఇక్కడే. కాస్త నెమ్మదిగా చదవండి.

ప్రెస్‌లో డీటీపీ ఆపరేటర్ మీ పాంప్లెట్‌ని అను, శ్రీలిపి లాంటి ఫాంట్లలో కొట్టి ఉంటాడు. అచ్చుకి అవి ఇప్పటికీ అందంగానే ఉంటాయి, వాటితో నాకు పేచీ లేదు. కానీ ఆ పాత పద్ధతి ఫాంట్లో మీకు "అ" అని కనపడేది కంప్యూటర్ లెక్కలో తెలుగు "అ" కాదు. అది ఏదో ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. దానికి తెలుగు వేషం కట్టారు. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే వేషం జారిపోయి పిచ్చి అక్షరాలు బయటపడతాయి. అవి చూసి భయపడే మనవాళ్లు "పోనీ, జేపెగ్ చేసి పెట్టేయ్" అంటారు. పోస్టర్ సైట్లు పుట్టేది అలాగే.

యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉంది. గూగుల్‌కి నమ్మకంగా అందేది, చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించేది ఆ అక్షరాలనే.

మీ మేటర్ ఒక పేజీ లోపు ఉంటే, పాత ఫాంట్‌ని యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్ జోలికి పోకండి. కూర్చుని టైపు చేసుకోండి. తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డే నేర్చుకోండి. వారం రోజులు చేతులు తడబడతాయి, తర్వాత జీవితాంతం హాయి. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతిలో "ణ"కీ "న"కీ, "ళ"కీ "ల"కీ తేడా పోయి, "ధవలేశ్వరం" లాంటివి వచ్చి కూర్చుంటాయి. ఫోన్‌లో మాట్లాడి టైపు చేయించినా తప్పులేదు గానీ ఊరిపేర్లు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

మేటర్ ఎక్కువుంటే కన్వర్టర్ తప్పదు. ముందు ప్రెస్‌కి వెళ్లి ఫైలు ఏ ఫాంట్లో ఉందో, ఏ వెర్షనో కాగితం మీద రాయించుకోండి. ఒక్కో ఫాంట్ కుటుంబానికి లెక్క వేరు. పొరపాటున వేరేది ఎంచుకుంటే ముక్కాలు మాటలు సరిగ్గా వచ్చి పావు మాటలు తప్పొస్తాయి. మొత్తం తప్పొస్తే వెంటనే తెలిసిపోతుంది. ఇలా పావు వంతు తప్పొస్తే ఎవరూ పట్టుకోరు.

కన్వర్ట్ చేసేముందు ఇంగ్లిష్ మాటలు, ఈమెయిల్, జీఎస్టీ నంబరు పక్కకి తీసి పెట్టుకోండి. కన్వర్టర్‌కి ఇంగ్లిష్ అక్షరానికీ, తెలుగు వేషం కట్టిన ఇంగ్లిష్ అక్షరానికీ తేడా తెలియదు. అన్నిటినీ కలిపి తెలుగు చేసేస్తుంది. ఫోన్ నంబరు మాత్రం ఎప్పుడూ చేత్తోనే కొట్టండి. ఒక నర్సరీ సైట్లో ఒక్క అంకె తప్పుపడి, మామిడి అంట్ల బేరాలన్నీ ఎవరో రిటైర్డ్ మాస్టారికి పోయాయి. ఆయన పాపం రెండు నెలలు ఓపిగ్గా జవాబు చెప్పారు.

వచ్చిన మేటర్ని నోట్‌ప్యాడ్‌లో పెట్టి ఇవి వెతకండి.

ర వత్తు. పాత ఫాంట్లలో ర వత్తు అక్షరానికి ముందు వస్తుంది, చూడ్డానికి ఎడమవైపు ఉంటుంది కాబట్టి. యూనికోడ్‌లో అక్షరం తర్వాత రావాలి. సరిగ్గా మారకపోతే ప్రసాదం కాస్తా "్రపసాదం" అవుతుంది, ద్రాక్షారామం "్రదాక్షారామం" అవుతుంది. ఖాళీ తర్వాత పొల్లుతో మొదలయ్యే మాట ఎక్కడున్నా తప్పే. రామచంద్రపురంలో లాగా మాట మధ్యలో ఉంటే మాత్రం వెతుకుడికి దొరకదు, కళ్లతో పట్టుకోవాలి.

సున్నా. ఇది ఇంకా మాయదారిది. తెలుగు అంకె "౦" వేరు, నిండు సున్నా "ం" వేరు. చూడ్డానికి కవలపిల్లలు. టైపు చేసినవాడు అంకె సున్నా కొట్టి ఉంటే "అ౦బాజీపేట" అని మీకు బాగానే కనపడుతుంది, కానీ కంప్యూటర్‌కి అది వేరే మాట. "౦" అని వెతికి, అన్నిచోట్లా "ం" పెట్టించండి. ధరల్లో తెలుగు అంకెలు వాడితే మాత్రం గుడ్డిగా అన్నీ మార్చేయకుండా ఒక్కొక్కటే చూసి మార్చండి.

"మ", "వు", "ఘ", "ఫ" లాంటివి. పాత ఫాంట్లలో కొన్ని అక్షరాలని ముక్కలు అతికి కడతారు. ముక్క జారితే "మామిడి" ఇంకేదో అవుతుంది. లైను చివర విరిచిన మాటలు కూడా "పూత- రేకులు" అని రెండు ముక్కలుగా మిగిలిపోతాయి.

ఇవన్నీ అయ్యాక ఒకరు పాత పాంప్లెట్ పట్టుకుని, ఇంకొకరు ఫోన్‌లో చూస్తూ, గట్టిగా చదవాలి. టైపు చేసినవాడు మాత్రం చదవకూడదు, వాడి కంటికి తప్పు ఆనదు. ఇంట్లో తొమ్మిదో, పదో చదివే పిల్ల ఉంటే పిలవండి. రేకు తీసే ఆవిడ కుండ మీద చెయ్యి ఎంత నెమ్మదిగా ఆడిస్తుందో చూశారు కదా, ఈ పనీ అంతే నెమ్మదిగా చెయ్యాలి.

ఇక దాచడం. ఫైలు దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి, యూనికోడ్ అక్షరాల్ని దాచే పద్ధతి అది. హెచ్‌టీఎంఎల్ హెడ్ భాగంలో మొట్టమొదటి లైనులోనే చార్‌సెట్ యూటీఎఫ్-8 అని చెప్పండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష తెలుగు అని లాంగ్ విలువ టీఈ పెట్టండి.

ఎక్కించాక సైట్లో నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు వరసగా కనపడితే కంగారు పడకండి. మీ తెలుగు క్షేమంగానే ఉంది, బ్రౌజర్ దాన్ని తప్పుగా చదువుతోంది. చార్‌సెట్ లైను సరిచేస్తే వచ్చేస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలు కనపడితే మాత్రం అప్పుడు టెన్షన్ పడండి. వర్డ్‌ప్రెస్ లాంటిది వాడి ఉంటే, మేటర్ దాచే డేటాబేస్‌లోకి వెళ్లేటప్పుడే అక్షరాలు పోయాయి. ఆ ప్రశ్నార్థకాల్లోంచి మళ్లీ తెలుగు రాదు. డేటాబేస్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి, మొదటినుంచి ఎక్కించాలి. అందుకే సరిచూసిన మేటర్ని ముందు మీ ఈమెయిల్‌కి మీరే పంపుకోండి.

నాలుగో పని: వత్తులు తెగకుండా చూడటం

రెడీమేడ్ డిజైన్లు చాలావరకు ఇంగ్లిష్‌ని చూసుకుని కట్టినవి. ఇంగ్లిష్‌కి కింద వత్తులు ఉండవు, పైన గుడులు ఉండవు. అదే డిజైన్లో తెలుగు పోస్తే పై లైను వత్తులు కింది లైను గుడుల్ని గుద్దుకుంటాయి. లైన్-హైట్ (లైనుకి ఇచ్చే ఎత్తు) 1.7 పెట్టండి. అక్షరం సైజు 18 పిక్సెళ్లు, అంతకు తగ్గకూడదు. లెటర్-స్పేసింగ్ సున్నా. ఇటాలిక్స్ తెలుగులో వాడనే వాడకండి. బటన్లకి ఎత్తు ఇంతే అని బిగించకండి, ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇచ్చి వదిలేయండి.

పరీక్షకి నేను వాడే మాట "లక్ష్మీ". మన బోర్డుల మీద ఎలాగూ ఎక్కువ కనపడేది అదే. కింద రెండు వత్తులు, పైన గుడి దీర్ఘం ఉన్నాయి. మెనూలో, బటన్లో, హెడింగులో "లక్ష్మీ" తెగకుండా వచ్చిందంటే మిగతా మాటలు కూడా వస్తాయి.

మేటర్‌కి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడండి. రామభద్ర హెడింగులకి మాత్రమే, పేరాలకి వాడితే చదివేవాడికి ఊపిరాడదు. ఇవన్నీ ఉచితమే. రెండు ఫాంట్లకి మించి పెట్టకండి.

ఎక్కించాక

టైటిల్‌లో "హోమ్" అని వదిలేయకండి. షాపు పేరు, సరుకు, ఊరు రాయండి. తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతికేవాళ్లే ఎక్కువ. పూతరేకులు అని ఒకరు టీ పక్కన హెచ్ పెట్టి కొడతారు, ఒకరు పెట్టకుండా కొడతారు. రెండు రకాలూ పేజీలో ఎక్కడో ఒకచోట సహజంగా రాయండి. అంతేగానీ అడుగున యాభైసార్లు వరస పెట్టి రాయకండి. గూగుల్ దాన్ని మోసం కింద లెక్కేస్తుంది.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా అని ఆ ముద్రని ఎక్కడినుంచో దించి అతికించకండి. దాన్ని వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి.

తర్వాత గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో సైట్ అడ్రసు ఇవ్వండి. మొబైల్ డేటాతో, కుదిరితే కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి మధ్యకి వెళ్లాక, సైట్ తెరిచి చూడండి. ఇంట్లో వైఫై మీద అన్ని సైట్లూ బాగానే తెరుచుకుంటాయి.

రేటు మారినప్పుడు ముందు సైట్లో మార్చండి, పక్కన తేదీ వేయండి. తర్వాత పాంప్లెట్ కావాలంటే ఆ యూనికోడ్ ఫైలే ప్రెస్‌కి పంపండి. "మా ఫాంట్లోకి మార్చుకోవాలండి, టైం పడుతుంది" అంటాడు. మార్చుకోనివ్వండి.