ప్రపంచ ప్రదర్శనల ప్రకటన బిళ్ళలు: వెనక వైపు చూసి కొనండి

దేశదేశాల సరుకులు చూపే ప్రపంచ ప్రదర్శనల్లో పంచిన ప్రకటన బిళ్ళలు సేకరించాలనుకుంటే, అన్ని ప్రదర్శనలనూ ఒకేసారి ముట్టుకోకండి, ఒకటి ఎంచుకోండి. నా ఓటు 1893 షికాగో ప్రదర్శనకే. అలాంటి చోట్ల వ్యాపారులు సరుకు పేరు, చిరునామా అచ్చొత్తిన, నాణెం లాంటి లోహపు బిళ్ళలు జనానికి పంచేవారు. ఒకవైపు కొలంబస్ తలో, ప్రదర్శన భవనమో ఉంటుంది. ఆ బొమ్మ చూసి మురిసిపోవద్దు. ఒకే అచ్చును ఎందరో వ్యాపారులకు వాడేవారు. తిప్పి చూడండి: ఏ ఊరు, ఏ వీధి, ఏం అమ్మాడు? ఆ బిళ్ళకు ప్రాణం అక్కడే ఉంది.

నెల్లూరు చిన్నబజారులో ఇత్తడి సామాన్ల మధ్య పెరిగినదాన్ని కాబట్టి లోహం గురించి కాస్త ఎక్కువే చెబుతాను. అల్యూమినియం చవకగా తీసే పద్ధతి 1886లో వచ్చింది. అందుకే 1893 నాటికి అది బిళ్ళలకెక్కింది. 1851 లండన్ ప్రదర్శన పేరుతో అల్యూమినియం బిళ్ళ చూపిస్తే అది ఆనాటిది కాదు, వదిలేయండి. ఇత్తడి అన్నది అయస్కాంతానికి అతుక్కుంటే అది పైపూతే.

బిళ్ళకు రంధ్రం ఉంటే అదీ చూడండి. తయారీలోనే పెట్టినదైతే అక్షరాలు దానికి చోటిచ్చి పక్కకు జరిగి ఉంటాయి. తర్వాత ఎవరో మెడలో వేసుకోవడానికి తొలిచినదైతే అక్షరం మధ్యకు తెగిపోయి ఉంటుంది, ధర తగ్గించి అడగండి.

ఎంత నల్లబడినా చింతపండుతో తోమకండి! బిందె మెరిస్తే అందం. బిళ్ళ మెరిస్తే నూరేళ్ల పైపొర పోయినట్టే. మన తీరపు వేడికి, తేమకు పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లు జిడ్డు కక్కుతాయి. మైలార్ (పాలిఎస్టర్) కవర్లలో పెట్టి, డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి.

అమెరికాలోని బఫెలో నగరంలో 1901లో జరిగిన ప్రదర్శనతో మరో రకం మొదలైంది: అల్యూమినియం చట్రంలో బిగించిన అమెరికా ఒక సెంటు నాణెం. నాణెం మీది సంవత్సరం ప్రదర్శన సంవత్సరంతో కలవకపోతే, తర్వాత మార్చారేమోనని అనుమానించాలి.

ప్రదర్శనలవి కాకపోయినా, గూడూరు మైకా (అభ్రకం) గనులు ఎరిగినవారికి ఒక మాట. 1862లో అమెరికా అంతర్యుద్ధం వేళ చిల్లర కరువైతే, జాన్ గాల్ట్ అనే వ్యాపారి చిల్లరగా వాడేందుకు తపాలా బిళ్ళను ఇత్తడి చట్రంలో పెట్టి పైన మైకా రేకు బిగించాడు. వెనక వ్యాపారి ప్రకటన. అవి కొనేటప్పుడు ఏటవాలు వెలుతురులో మైకా పొరలు విడిపోయాయేమో, ఇత్తడి అంచు మీద ఊడదీసిన గీతలున్నాయేమో చూడండి. గీతలుంటే లోపలి తపాలా బిళ్ళ అసలుది కాకపోవచ్చు. అంచుల ఫోటోలు పంపని అమ్మకందారుకు డబ్బు పంపకండి.