వానలకంటే ముందే వచ్చే పురుగుల మెసేజీలు: ఏవి నమ్మాలి, ఏవి వదిలేయాలి

సింహాచలం గిరి ప్రదక్షిణ ఇంకో పది రోజులుందనగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పురుగుల ఫొటోలు మొదలవుతాయి. నలుపు, నారింజ చారల పురుగు ఒకటి, పక్కన కమిలిపోయిన చర్మం, కింద ఎర్రటి అక్షరాలు: "ఇది కుడితే 24 గంటల్లో ప్రాణం పోతుంది, వెంటనే పది మందికి పంపండి." పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతారు. మా పెద్దత్తయ్య మనవల మీద ప్రేమకొద్దీ పంపుతుంది. అందుకే అబద్ధమని ఒక్క మాటలో తోసిపుచ్చి ఊరుకోలేను. విశాఖలో వానాకాలం వస్తే పురుగుల విషయంలో జాగ్రత్త నిజంగానే అవసరం. ఏ పురుగుకు ఎంత భయపడాలో మాత్రం ఆ మెసేజీలు తలకిందులుగా చెబుతున్నాయి.

ఆ నారింజ పురుగు సంగతి నాకు దగ్గరగా తెలుసు. నిరుడు ఆరిలోవలో మా మేనకోడలు వరండాలో ట్యూబులైటు కింద కూర్చుని చదువుకుంటుంటే మెడ మీద ఏదో పాకింది. చూడకుండానే చేత్తో నలిపేసింది. ఆ రాత్రి ఏమీ లేదు. మర్నాడు సాయంత్రానికి చెవి కింది నుంచి గొంతు దాకా కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చార తేలింది. ఆ తర్వాతి రోజు దాని మీద చీము పొక్కులు వరసగా లేచాయి. మోచేతి మడతలో పైన ఒక మచ్చ, కింద అచ్చు గుద్దినట్టు అలాంటిదే ఇంకొకటి. చెయ్యి ముడిచినప్పుడు ఒకవైపు అంటిన రసం రెండోవైపుకూ అంటుకుంది. ఇంటివాళ్లు చూసి సర్పి అన్నారు, మంత్రం వేయించమన్నారు. గ్రూపులో అడిగితే యాసిడ్ ఈగ అన్నారు.

అది ఈగ కాదు. కుట్టదు, కరవదు. పెడెరస్ అనే రోవ్ బీటిల్, అంటే ఒక రకం పెంకుపురుగు. బియ్యపుగింజకంటే కాస్త పొడవు, సెంటీమీటరు లోపే ఉంటుంది. తల నలుపు, మెడ నారింజ, నడుము దగ్గర నీలంగా మెరిసే పొట్టి రెక్కల కవచం, మళ్లీ నారింజ, తోక కొసన నలుపు. చీమలా పరుగెత్తుతుంది, కదిలిస్తే తోక పైకెత్తుతుంది. దాని ఒంట్లోని ద్రవంలో పెడెరిన్ అనే పదార్థం ఉంటుంది. మనం నలిపినప్పుడే అది బయటికి వచ్చి చర్మాన్ని కాలుస్తుంది. నాగుపాము విషంకంటే పన్నెండు రెట్లు ఘాటైనదంటూ రాసే పోలిక చదివి గుండెలు బాదుకోనక్కరలేదు. పాము విషం కాటుతో ఒంట్లోకి దిగుతుంది, ఇది చర్మం పైపైన కమిలిస్తుంది. 2022 జులైలో సిక్కింలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో సుమారు వంద మంది విద్యార్థులకు ఈ పురుగు వల్ల చర్మం కమిలింది. మా మేనకోడలికి రెండు వారాల్లో మానింది, మచ్చ మాత్రం దసరా దాకా ఉంది. వరి పొలంలో ఇదే పురుగు, పైరును పాడుచేసే సుడిదోమను తినే మిత్రపురుగని ఎంతమందికి తెలుసు?

కాబట్టి ఒంటి మీద వాలితే నలపకండి, గట్టిగా ఊదండి, లేదా కాగితం అంచు మీదికి ఎక్కించి బయట వదలండి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగండి. ఆ చేత్తో కళ్లు మాత్రం తుడుచుకోకండి, కంటికి తగిలితే బాధ చాలా ఎక్కువ. వానాకాలంలో రాత్రి తెల్లటి లైట్లకు ఇవి వస్తాయి. మంచం సరిగ్గా ట్యూబులైటు కింద ఉంటే పక్కకు జరపండి, దుప్పటి, తువ్వాలు దులిపి వాడండి.

వీపంతా గుడ్లు మోస్తున్న పురుగు, దాని పక్కన తేనెపట్టులా రంధ్రాలు పడ్డ అరచెయ్యి ఫొటో కూడా, ముట్టుకుంటే వైరస్ అంటుకుంటుందంటూ ఏళ్లుగా తిరుగుతోంది. ఆ పురుగు చెరువుల్లో ఉండే నీటినల్లి. తండ్రి పురుగే గుడ్లను వీపున మోసి పొదిగిస్తుంది, అంతే. చేతిలో పట్టుకుంటే నొప్పిగా కుడుతుంది, వైరస్ మాత్రం అంటించదు. అరచెయ్యి ఫొటో అతికించి తయారుచేసినది. మరుగుదొడ్డి సీటు కింద దాక్కుని మనుషులను చంపే సాలీడు కథ 1999లో అమెరికాలో ఈమెయిల్‌గా పుట్టింది. తర్వాత దానికి తగిలించిన పేరు, మన పెరళ్లలో దొరికే ఒక అమాయకపు గెంతే సాలీడుది.

2022 సెప్టెంబరులో పత్తి చేలో గొంగళి పురుగు ముట్టుకుని రైతులు చనిపోయారని మహారాష్ట్ర నుంచి ఫొటోలు వచ్చాయి. వాళ్లు పిడుగు పడి చనిపోయారు. నాకు బాధ కలిగించేది ఇదే. పిడుగుపాటుకు పోయిన మనుషుల ఫొటో పెట్టి పురుగును నిందిస్తే, ఉరుములప్పుడు చేలో నిలబడకూడదన్న అసలు హెచ్చరిక మాయమైపోతుంది. గొంగళి వెంట్రుకల మంట మాత్రం నిజం. మన పెరట్లో మునగచెట్టు బెరడు మీద గొంగడి కప్పినట్టు గుంపులుగా ఉంటాయి కదా, పిల్లలను అటు పంపకండి. తగిలితే రుద్దకుండా, అంటుకునే టేపు అద్ది లాగితే వెంట్రుకలు వస్తాయి, తర్వాత సబ్బునీళ్లు, ఐసు. కంట్లో పడితే నలపకుండా కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

చెవిలో పురుగు దూరితే మెదడుకు చేరదు, మధ్యలో కర్ణభేరి అడ్డం ఉంటుంది. అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టకండి. చెవిలో చీము, కర్ణభేరికి చిల్లు లేకపోతే గోరువెచ్చని కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి, వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో, దగ్గరి డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన మెసేజీ. "డెంగీ దోమ మోకాలికంటే ఎత్తు ఎగరలేదు, మోకాళ్ల కింద కొబ్బరినూనె రాసుకుంటే చాలు." ఒక డాక్టరు పేరు తగిలించి ఉంటుంది కనుక చాలామంది నమ్ముతారు. డెంగీ దోమ పై అంతస్తుల్లో కూడా ఉంటుంది, ఒంట్లో ఎక్కడైనా కుడుతుంది, అదీ పగలు, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. నూనె రాసి బడికి పంపిన పిల్లవాడి మెడ, చేతులు బయటే ఉంటాయి. కొండవాలు కాలనీల్లో నీళ్లు రోజంతా రావు కాబట్టి డ్రమ్ములు తప్పవు, దోమకు కావలసింది ఆ మంచినీళ్లే. డ్రములో నీళ్లు ఒంపేసి ఊరుకుంటే సరిపోదు. గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. వారానికోసారి కొబ్బరిపీచుతో లోపలి అంచు చుట్టూ గరగరా తోమాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది, అందుకే వారం లెక్క. ఫ్రిజ్ వెనక పళ్లెం, కూలర్, మొక్కల కుండీ కింద సాసరు, మేడ మీద పాత టైరు, కొబ్బరిబొండాల డొల్లలు చూడండి. పసిపిల్లలు పగలు పడుకున్నా దోమతెర వేయండి.

డెంగీ అని అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మింగకండి. పారాసిటమాల్, నీళ్లు, డాక్టరు. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోకండి. తగ్గిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చివరిగా ఆ మెసేజీల్లో అరుదుగా కనిపించే పురుగు. 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణలో చెప్పులు లేకుండా నడిచేవాళ్లు కొండ పక్క గడ్డిలో కూలబడి సేద తీరుతారు. పొదలు, గడ్డి ఉన్నచోట నలుసంతైనా కంటికి ఆనని చిగ్గర్ అనే పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అంటించగలదు. మనిషి నుంచి మనిషికి పాకదు. డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతోనే తగ్గుతుంది, ఆలస్యం చేస్తేనే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డిలో నేరుగా కూర్చోకుండా ఏదైనా పరుచుకోండి, ఇంటికి రాగానే బట్టలు మార్చి స్నానం చేయండి. ఆ తర్వాత పది రోజులకు అటూ ఇటూగా జ్వరం, తలనొప్పి వస్తే చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర, బట్టల మాటున ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి. అది నొప్పి పెట్టదు, రోగికి తెలియకపోవచ్చు. కనిపిస్తే డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే ముందు ఆ మచ్చే చూపించండి.