దసరా ప్రకటన ప్రెస్సుకి పంపే ముందు

పాంప్లెట్లు, ఫ్లెక్సీలు ప్రింటుకి వెళ్లే రోజులివి. మ్యాటర్ ఓకే చేసే ముందు ఇవి చూసుకోండి.

• ‘నంబర్ 1’, ‘100% గ్యారంటీ’ అని రాశారా? రుజువు చేతిలో ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మందుల షాపువాళ్లు ‘షుగర్ పూర్తిగా నయం’ అనే మాట అసలు రాయొద్దు. 1954 నాటి చట్టం కింద అలాంటి ప్రకటనలపై నిషేధం ఉంది.

• ఆఫర్ తెలుగులో ఉంటే షరతులూ తెలుగులోనే, అదే ఫాంటులో ఉండాలని ప్రకటనలపై కేంద్రం ఇచ్చిన 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కింద చీమ తలకాయంత ఇంగ్లీషు చెల్లదు.

• ‘స్టాక్ కొద్దిగానే ఉంది’ అన్న తొందర నిజమైతేనే పెట్టండి. నాలుగు చీరలకి ఊరంతటినీ పిలిస్తే గొడవ కౌంటర్ దగ్గరే మొదలవుతుంది.

• నెట్‌లో దొరికింది కదా అని హీరో ఫొటో వేయకండి. అనుమతి లేకపోతే లాయర్ నోటీసు రావచ్చు.

• అమ్మ సెంటిమెంట్ పట్టుచీరకి బాగుంటుంది. ఇన్వర్టర్ కొనేవాడికి మాత్రం కరెంటు పోతే ఎన్ని గంటలు వస్తుందో ముందు చెప్పాలి. కన్నీళ్లతో ఫ్యాను తిరగదు కదా!