వాహక పాలిమర్లు, 4వ పాఠం: మందాన్ని మరచినవారి కోసం

షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ అనే శాస్త్రవేత్తలు 1977లో అయోడిన్‌తో పాలీఎసిటిలీన్ అనే పాలిమర్‌ను వాహకంగా మార్చిన తీరును ఈ వారం చెప్పవలసింది. కానీ గత లెక్కకు నల్లగొండ, పాలమూరు విద్యార్థులు రాసిన జవాబులు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. రెండు ఎలక్ట్రోడుల మధ్యనున్న పాలిమర్ పొరలో ఆవేశం వేగం కట్టమంటే చాలామంది చలనశీలతను (ఒక యూనిట్ విద్యుత్ క్షేత్రానికి ఆవేశం పొందే వేగాన్ని) నేరుగా ఓల్టేజీతో గుణించారు. గుణించవలసింది క్షేత్రంతో, అంటే ఓల్టేజీని పొర మందంతో భాగించగా వచ్చిన దానితో. 100 నానోమీటర్ల పొర మందం 10⁻⁵ సెం.మీ. కనుక, 1 ఓల్టు ఇస్తే క్షేత్రం సెంటీమీటరుకు లక్ష ఓల్టులు. చలనశీలత 10⁻⁴ చ.సెం.మీ./ఓల్టు-సెకను అయితే వేగం సెకనుకు 10 సెం.మీ.; ఆవేశం అవతలి ఎలక్ట్రోడును చేరడానికి 1 మైక్రోసెకను చాలు.

అదే 1 ఓల్టు ఉంచి మందాన్ని రెట్టింపు చేస్తే సమయమూ రెట్టింపవుతుందని రాసినవారు ఈ పేరాను రెండుసార్లు చదవాలి. దూరం రెట్టింపైనప్పుడు క్షేత్రం సగమైంది, దానితో వేగమూ సగమైంది; కాబట్టి సమయం నాలుగింతలు. 300 నానోమీటర్లకు 9 మైక్రోసెకన్లు, 50కి పావు మైక్రోసెకను. నేనైతే వేగం జోలికే పోను: మందం వర్గాన్ని చలనశీలత, ఓల్టేజీల లబ్ధంతో భాగించి ఊరుకుంటాను.

అయితే క్షేత్రం మారినా చలనశీలత మారదని ఇంతసేపూ అనుకున్నాం. క్రమం లేని పాలిమర్లలో అది నిజం కాదు. మెలికలు పడ్డ గొలుసుల మధ్య ఆవేశం, తన చుట్టూ తానే కలిగించిన వంపుతో కలిసి పోలరాన్‌గా ఒక చోట నిలిచి, అక్కడి నుంచి మరో చోటికి గెంతుతుంది. ఎండాకాలంలో డిండి వాగును రాళ్ల మీదుగా దాటే మనిషికి దగ్గరి రాళ్ల మీద ఆలస్యం కాదు. దూరపు రాయి ముందు ఆగిన ఆ రెండు మూడు చోట్లే మొత్తం సమయాన్ని తేలుస్తాయి. క్షేత్రం అలాంటి కష్టమైన గెంతులకు అడ్డును తగ్గిస్తుంది కనుక చలనశీలతే పెరుగుతుంది. వేడీ గెంతుకు తోడ్పడుతుంది: మే నెలలో బోరు మోటారు వైండింగులోని రాగికి నిరోధం పెరిగితే, ఇక్కడ చలనశీలత పెరుగుతుంది.

అభ్యాసం: 200 నానోమీటర్ల పొరలో చలనశీలత 1 ఓల్టు వద్ద 10⁻⁴, 4 ఓల్టుల వద్ద 3×10⁻⁴. క్షేత్రపు వర్గమూలానికి ఎదురుగా చలనశీలత లాగరిథమ్ సరళరేఖగా వస్తుందనుకుని, 9 ఓల్టుల వద్ద ప్రయాణ సమయం కట్టండి. మధ్యలో చలనశీలత 19×10⁻⁴ దరిదాపుల్లో తేలితే, మీరు వర్గమూలం తీయడం మరచారు.